ఇంటి ధరకు ముడిపడిన బడి

మా ఒంగోలు వైపు నుంచి వెళ్లి అమెరికాలో స్థిరపడినవాళ్లు ఇల్లు కొన్నామని ఫోన్ చేస్తే, ఇక్కడి పెద్దవాళ్లు ఎన్ని గదులు, ఏ ముఖం అని అడుగుతారు. వాళ్లు మాత్రం ముందు స్కూలు రేటింగు చెబుతారు. టెక్సస్‌లో ఉన్న మా మేనల్లుడూ అంతే. "ఇల్లు పాతదే మావయ్యా, కానీ స్కూలుకు పదికి తొమ్మిది" అన్నాడు. ప్రభుత్వ బడికి పంపడం కోసం అంత ఖరీదు పెట్టాలా అని మా అక్కయ్యకు ఇప్పటికీ ఆశ్చర్యమే. టంగుటూరులో ప్రభుత్వ బడి అంటే ఫీజు కట్టలేనివాళ్లు వెళ్లేదని ఆమె లెక్క.

ఆ ఖరీదుకు కారణం అక్కడి బడులకు డబ్బు వచ్చే దారిలోనే ఉంది. మన జిల్లా పరిషత్ హైస్కూలు మాస్టారి జీతం రాష్ట్ర ఖజానా నుంచి వస్తుంది కాబట్టి, కొండపిలో పొలం ధర పడిపోయినా, ఒంగోలులో స్థలం రేటు పెరిగినా ఆ జీతం మారదు. అమెరికాలో ప్రభుత్వ బడులను నడిపేవి స్కూల్ డిస్ట్రిక్టులనే స్థానిక సంస్థలు, ఇల్లు ఏ డిస్ట్రిక్టులో ఉంటే పిల్లలు సాధారణంగా అక్కడి బడికే వెళ్తారు. దాదాపు 13 వేలున్న ఈ డిస్ట్రిక్టులకు ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వం ఇచ్చేది స్థూలంగా పదో వంతు. మిగిలినదంతా రాష్ట్రాలూ, స్థానిక పన్నులూ భరిస్తాయి, ఆ స్థానిక పన్నుల్లో అధిక భాగం ఆస్తి పన్నే.

దీని ఫలితం టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో నగరంలో 1967-68 నాటి లెక్కల్లో స్పష్టంగా కనిపిస్తుంది. మెక్సికన్ మూలాలున్న పేద కుటుంబాలు ఉండే ఎడ్జ్‌వుడ్ డిస్ట్రిక్టులో ప్రతి 100 డాలర్ల ఆస్తికి 1.05 డాలర్ల పన్ను వేసినా, బడులకు కనీస నిధులిచ్చే రాష్ట్ర పథకానికి కట్టాల్సిన వాటా పోను పిల్లవాడికి మిగిలింది 26 డాలర్లు. అదే నగర ప్రాంతంలోని సంపన్నుల అలమో హైట్స్‌లో 85 సెంట్ల పన్నుకే 333 డాలర్లు మిగిలాయి. ఎక్కువ రేటున పన్ను కట్టినవాళ్ల పిల్లలకే తక్కువ దక్కిందన్నమాట. తల్లిదండ్రులు కోర్టుకెక్కారు, 1973లో అమెరికా సుప్రీంకోర్టు, విద్య ఫెడరల్ రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదంటూ 5-4 తేడాతో వాళ్ల వాదనను తోసిపుచ్చింది. చివరికి టెక్సస్ సొంత సుప్రీంకోర్టు 1989లో ఆ పద్ధతిని కొట్టివేశాక, సంపన్న డిస్ట్రిక్టుల నుంచి కొంత రాబట్టి పేద డిస్ట్రిక్టులకు మళ్లించే చట్టం 1993లో వచ్చింది. జనం దాన్ని రాబిన్‌హుడ్ అంటారు. మా మేనల్లుడికి ఆ చట్టం నచ్చదు, నాకు నచ్చుతుంది.

తర్వాతి సంస్కరణలు ఎక్కువగా పరీక్షల చుట్టూ, పోటీ చుట్టూ తిరిగాయి. 2002లో సంతకమైన 'నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్' చట్టం 2014 నాటికి పిల్లలందరూ చదవడంలో, లెక్కల్లో నిర్ణీత స్థాయికి చేరాలన్నది. అది జరగలేదు, 2015లో దాని స్థానంలో వేరే చట్టం వచ్చింది. ప్రైవేటు బడి ఫీజుకు ప్రభుత్వ సొమ్ము ఇచ్చే వోచర్ల పద్ధతి 1990లో మిల్వాకీలో మొదలైంది. 2025లో టెక్సస్ కూడా ఆ దారి పట్టింది. దీనిపై నాకు అనుమానమే. మా పల్లెల్లోకి ప్రైవేటు స్కూలు పసుపు బస్సు రావడం మొదలయ్యాక, ప్రభుత్వ బడిలో మరుగుదొడ్డి తలుపు ఊడిపోతే హెడ్మాస్టరును నిలదీసే తల్లిదండ్రులే లేకుండా పోయారు; ఓపిక ఉన్నవాళ్లంతా బస్సుతో పాటే వెళ్లిపోయారు.

నాకు నమ్మకం కలిగించింది మాత్రం మిసిసిపీ. దేశంలోని అత్యంత పేద రాష్ట్రాల్లో ఒకటైన అది, నాలుగో తరగతి పిల్లల చదివే సామర్థ్యంలో 2013లో 49వ స్థానంలో ఉండి, 2024లో 9వ స్థానానికి చేరింది. 2013 నాటి చట్టం ప్రకారం చదవడం రాని పిల్లలను చిన్న తరగతుల్లోనే గుర్తించారు, అక్షరానికీ ధ్వనికీ ఉన్న సంబంధం నేర్పడంలో టీచర్లకు శిక్షణ ఇచ్చారు, వెనకబడిన బడులకు పఠన శిక్షకులను పంపారు. అమెరికాలో చాలా బడులు అంతకుముందు ఏళ్ల తరబడి, తెలియని మాటను బొమ్మను బట్టీ సందర్భాన్ని బట్టీ ఊహించమని పిల్లలకు నేర్పాయి. మండల పరిషత్ బడిలో ఒకటీ రెండు తరగతులకు చెప్పిన నాకు ఆ ఊహ సంగతి తెలుసు: ఆవు బొమ్మ కింద 'గోవు' అని రాసి ఉన్నా, గుణింతాలు రాని పిల్లవాడు ధీమాగా 'ఆవు' అని చదివేస్తాడు, బొమ్మను చేత్తో మూయగానే నోరు మెదపడు.

మూడో తరగతి చివర చదవడం రానివాళ్లను అదే తరగతిలో ఉంచడం వల్లే సగటు పెరిగిందనే విమర్శ ఉంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. ఎనిమిదో తరగతిలో ఆ స్థాయి మెరుగుదల కనిపించలేదన్నదీ నిజమే. అందుకే శిక్షకులను పై తరగతులకూ పంపాలనీ, ఆ జీతాలను స్థానిక ఆస్తి పన్నుతో ముడిపెట్టకుండా రాష్ట్రమే భరించాలనీ నా అభిప్రాయం.