ఆంజేలో ఎనభై మీటర్ల ఉన్ని

పారిస్ మోంపర్నాస్ స్టేషన్ నుంచి ఆంజేకి హైస్పీడ్ రైల్లో గంటన్నర. టికెట్ ముందుగా తీసుకోకపోతే ముక్కుపిండి వసూలు చేస్తారు. వచ్చేవాళ్ళలో చాలామంది కోటలోని 14వ శతాబ్దపు ‘అపోకలిప్స్’ తెరలు (ఉన్నితో బొమ్మలు నేసి గోడకు తగిలించే టాపెస్ట్రీలు) చూసి తిరుగు రైలెక్కేస్తారు. అలా చేయొద్దు. మేన్ నది మీద వెర్దన్ వంతెన దాటితే 12వ శతాబ్దపు సెయింట్ జాన్ ఆస్పత్రి వస్తుంది. చిత్రకారుడు జాఁ ల్యుర్సా రూపొందించిన ‘ప్రపంచ గీతం’ ఆ రాతి హాల్లోనే ఉంది. పది తెరలు, ఎత్తు నాలుగున్నర మీటర్ల దాకా, వరసగా పేరిస్తే దాదాపు 80 మీటర్లు. 1957లో మొదలైన పని 1966లో ఆయన పోయేనాటికింకా పూర్తి కాలేదు.

ఫోటోల్లో ఇవి పోస్టర్లలా కనిపిస్తాయి. దగ్గరికెళ్తేగానీ అసలు సంగతి తెలియదు. నల్లటి నేల మీద పసుపు, ఎరుపు. ఆ రెండూ కలిసే చోట నారింజ రంగు లేదు. పసుపు ఎరుపులోకి దువ్వెన పళ్ళలా దూరింది, ఎరుపు ఆ సందుల్లోంచి ఎదురొచ్చింది. పది అడుగులు వెనక్కి వస్తే కన్నే నారింజను కలుపుకుంటుంది. కుంచె తడిరంగును పక్క రంగులోకి లాగగలదు, ఉన్ని దారం లాగలేదు. ఈ పళ్ళ నేత అందుకే.

ల్యుర్సాకు ముందు నేతశాలలు తైలవర్ణ చిత్రాలను మక్కీకి మక్కీ దించాలని చూసేవి. 19వ శతాబ్దంలో గోబెలాఁ కార్ఖానాలో రసాయన శాస్త్రవేత్త షెవ్రల్ వర్గీకరించిన వన్నెలు 14 వేల పైచిలుకు. అంత సన్నని తేడాలతో నేస్తే ఒక్కో వన్నె ఒక్కోలా వెలిసి బొమ్మ చెదిరిపోతుంది. ల్యుర్సా కొద్ది రంగులే తీసుకుని, ఒక్కోదానికి ఒక నంబరు ఇచ్చాడు. నేతగాళ్ళకు వెళ్ళేది గీతలూ నంబర్లూ ఉన్న నమూనా కాగితం. నా దృష్టిలో ఇది చిత్రకారుడు చేసిన అతి పెద్ద త్యాగం, అతి తెలివైన పని కూడా.

మూడు రోజుల ముందే ఓబ్యుసోలో మగ్గాలు చూసి రావడం మంచిదైంది. అక్కడికి చేరడం పెద్ద తతంగం, బస్సు తప్పితే ఆ పూట పోయినట్టే. ‘ప్రపంచ గీతం’ తెరలు నేసిన ఊరు అదే. పడుగు, అంటే మగ్గం మీద బిగించే పోగులు, నూలు; పేక, అంటే వాటి మధ్య అడ్డంగా దూర్చే దారం, ఉన్ని. పడుగు నేలకు సమాంతరంగా రెండు దుంగల మధ్య బిగిసి ఉంటుంది, నమూనా దాని కింద. నేతగాళ్ళు వంగి నేసేది వెనకవైపు. అందుకే నమూనా అద్దంలో బొమ్మలా తిరగేసి గీస్తారు. ముందు వైపు చూడాలంటే పడుగు కింద చిన్న అద్దం దూర్చాల్సిందే. కాలితో తొక్కి పోగులు విడదీసి, ఆ రంగు ఉన్నంత మేరే కండె దూర్చి, వెనక్కి తిప్పి, దువ్వెనతో దిగ్గొడతారు. మన వరంగల్ జంపఖానాల నేతలో పేకను దిగ్గొట్టే పంజా గుర్తొచ్చింది. పేకను బిగించి లాగితే అంచులు లోపలికి ముడుచుకుంటాయి, మరీ వదిలేస్తే ఉబ్బుతుంది. కాస్త విల్లులా వదిలి కొట్టడమే చేతివాటం.

ఇంకో చిక్కు ఉంది. తెరను పక్కకు పడుకోబెట్టి నేస్తారు. మగ్గం వెడల్పే తెర ఎత్తవుతుంది, పొడుగు ఎంతైనా సాగించుకోవచ్చు. రెండు రంగులు పక్కపక్క పడుగు పోగుల దగ్గర నుంచి పదేపదే వెనక్కి తిరిగితే అక్కడ చీలిక మిగులుతుంది. గోడకు తగిలించాక ఆ చీలికలు అడ్డంగా వస్తాయి, ఉన్ని బరువుకి నోళ్ళు తెరుచుకుంటాయి. అందుకే మగ్గం దించాక ఒక్కోటీ సూదితో కుట్టాలి. నేత వేగం మనిషికి నెలకు సుమారు చదరపు మీటరు. ఇక 80 మీటర్ల లెక్క మీరే వేసుకోండి.

ఆంజే కోటలో ‘అపోకలిప్స్’ తెరల దగ్గర వెలుతురు బాగా తక్కువ. కళ్ళు అలవాటు పడటానికి ఐదు నిమిషాలివ్వండి. చెట్లు నీలంగా కనిపిస్తే కంగారు పడొద్దు, అవి ఒకప్పుడు ఆకుపచ్చవే. నీలం మీద పసుపు అద్ది తెచ్చిన పచ్చ అది. వెలుతురుకి పసుపు ఎగిరిపోయి నీలం మిగిలింది. వెనకవైపు మాత్రం చెట్లు ఇప్పటికీ ఆకుపచ్చగా ఉన్నాయట. గోడవైపు ఉంది కాబట్టి మనకు కనబడదు.