పడమటి ఎండ, నాచుపూలు

మా ఇల్లు విశాఖలో కొండవాలు మీద. గేటు పక్క ఎర్రమట్టి గట్టుకి మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా ఎండే. నిరుడు అక్కడ లాన్ గడ్డి పరిపించాను. పోసిన నీళ్లు వేళ్లకి ఇంకకుండానే జారి రోడ్డెక్కేవి. మే నెలాఖరుకి గడ్డి చాపలా ఎండిపోయింది. డబ్బులు పోతే పోయాయి, పక్కింటి పిన్నిగారి "నేను చెప్పలేదూ!" మాత్రం ఇంకా చెవుల్లో ఉంది.

ఈసారి ఆవిడ మాటే విన్నాను. తన కుండీలోంచి నాచుపూల కొమ్మలు తుంచి ఇచ్చారు. వాలుకి అడ్డంగా చిన్న గట్లు కట్టి, తొలకరి పడగానే బెత్తెడు ముక్కలు జానెడు ఎడంలో గుచ్చాను. ఆకు నలిపితే వేళ్లకి జిగురునీరు అంటుకుంటుంది. అదే వాటి వాటర్ ట్యాంకు! నీళ్లు నిలిస్తే కుళ్లిపోతాయి కానీ, వాలు కాబట్టి ఆ టెన్షన్ లేదు. ఎండెక్కేకొద్దీ గులాబీ, పసుపు, నారింజ రంగులు విచ్చుకుంటాయి. మబ్బు పడితే అలుగుతాయి. సాయంత్రానికి ముడుచుకుంటాయి కాబట్టి ఆఫీసు నుంచి వచ్చేసరికి నాకు కనిపించేవి మొగ్గలూ, వాడిన రేకులే. ఆదివారం ఒక్కటే నాది.

నర్సరీ అతను వెడేలియా తీసుకోమన్నాడు. అది త్వరగానే కమ్ముకుంటుంది, పక్క మొక్కని మాత్రం బతకనివ్వదు. వద్దన్నాను. పై అంచున బిళ్లగన్నేరు పెట్టాను, చేదుకి మేకలు ముట్టవు.

నిన్న రాళ్ల సందులో చొక్కా గుండీ అంత నీలంపూవు. విష్ణుక్రాంతం, ఎవరూ నాటలేదు. కలుపనుకుని పీకబోయి ఆగాను.