చిన్నప్పుడు అమ్మవారు పోసిందిగా అనుకున్నా

మాది గుంటూరు, కొరిటెపాడు. మొన్న మార్చిలో నాకు తట్టు పోసింది, 32 ఏళ్ళ వయసులో. అవును తట్టే, మీజిల్స్. ఎవరికి చెప్పినా ముందు నవ్వుతున్నారు, అది చిన్నపిల్లలకి కదా వచ్చేది అని, నేనూ అలాగే అనుకునేదాన్ని. ఇంట్లో ఏడు నెలల చంటిది ఉంది కాబట్టి ఇందులో నా జ్వరం కంటే దాని గొడవే ఎక్కువ ఉంటుంది, ఏమనుకోకండి.

విజయవాడ సింగ్‌నగర్‌లో మా పిన్నిగారబ్బాయి గృహప్రవేశం. పాపకి కాస్త జలుబుగా ఉంటే ఆ జనంలో ఎందుకులే అని అత్తయ్య దగ్గర వదిలేసి నేను ఒక్కదాన్నే ఆదివారం పొద్దున్నే బస్సెక్కా. తమ్ముడి కొడుక్కి మూడేళ్ళు, వ్రతం అయ్యేదాకా వాడు నా ఒళ్ళోనే ఉన్నాడు. ముక్కు కారుతోంది, దగ్గుతున్నాడు, కళ్ళు ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి, హోమం పొగకి మండుతున్నాయేమోలే అనుకున్నాం అందరం. నా భుజం మీదే నిద్రపోయాడు పాపం.

మర్నాడు సాయంత్రం మరదలు ఫోను. "వదినా, బాబుకి అమ్మవారు పోసింది, మొహం నిండా వచ్చేసింది, మీ చంటిది జాగ్రత్త" అంది. నేనేమో "నాకు చిన్నప్పుడే పోసిందిలే, పాప అసలు రాలేదుగా" అనేసి పోపులో ఆవాలు మాడుతున్నాయని ఫోన్ పెట్టేశా. ఆ ఫోను గురించి తర్వాత ఎన్నిసార్లు తిట్టుకున్నానో. తట్టు ఉన్న మనిషిని కలిసిన 72 గంటల్లోపు టీకా వేయించుకుంటే జబ్బు రాకుండా ఆగే అవకాశం ఉందంట, పెద్దవాళ్ళకైనా. నాకు ఇంకా రెండు రోజులు టైముంది అప్పటికి.

పదకొండో రోజు, గురువారం, ఒళ్ళు నొప్పులూ జ్వరం మొదలైంది. 103. జలుబు, పొడి దగ్గు, వెలుతురు చూస్తే కళ్ళల్లో సూదులు గుచ్చినట్టు ఉంటే కర్టెన్లు మూసుకుని పడుకున్నా. మెడికల్ షాపులో అజిత్రోమైసిన్ ఇచ్చారు, శుక్రవారం డెంగ్యూ, మలేరియా, టైఫాయిడ్ టెస్టులు చేయించాం, మన ఊళ్ళో జ్వరం అంటే ఆ మూడేగా, అన్నీ నెగెటివ్. శనివారం బ్రష్ చేసుకుంటుంటే బుగ్గల లోపల ఉప్పురవ్వ చల్లినట్టు తెల్ల చుక్కలు కనపడ్డాయి, నోరు పూసిందనుకున్నా. అవి మీజిల్స్‌కి గుర్తంట, దద్దు కంటే ముందే వస్తాయంట. ఇన్ని రోజులూ పాపకి పాలు ఇస్తూనే ఉన్నా, పక్కలో పడుకోబెట్టుకుంటూనే ఉన్నా, మాస్కు ఒకటి పెట్టుకున్నా అంతే.

ఆదివారం తెల్లారేసరికి చెవుల వెనకా నుదుటి మీదా ఎర్రటి దద్దు, మధ్యాహ్నానికి మెడ, ఛాతీ. తెనాలి దగ్గర మా ఊరి నుంచి అమ్మ వేపమండలు పట్టుకుని దిగిపోయింది. మంచం చుట్టూ వేపాకు, గుమ్మానికి వేపాకు, ఇంట్లో పోపు బంద్, పెరుగన్నమూ కొబ్బరినీళ్ళూ, మందులు వేస్తే తల్లికి కోపం వస్తుందని గొడవ. వేపాకుతో విసురుతుంటే దురదకి హాయిగానే ఉందిలెండి, అబద్ధమెందుకు. కానీ అమ్మ ఒక్కటే మాట, "నీకు రెండో క్లాసులోనే పోసింది కదే, మళ్ళీ ఎందుకు పోసింది, ఏం మైల చేశారు ఇంట్లో" అని, అత్తయ్య మొహం మాడిపోయింది.

మావారు పిల్లల డాక్టరుగారికి ఫోన్ చేశారు. ఆయన ముందు చెప్పిన మాట, హాల్లోకి రావద్దు అని. తట్టు ఉన్న మనిషి దగ్గి వెళ్ళిపోయినా రెండు గంటల దాకా ఆ గది గాలిలో వైరస్ ఉంటుందంట, హాల్లో అన్నీ చంటిపిల్లలేగా. సోమవారం ఓపీ అంతా అయ్యాక రమ్మని, కింద ఆటో దగ్గరికే వచ్చి చూశారు. నోట్లో టార్చి వేశారు, దద్దు చూశారు, తర్వాత అమ్మని అడిగారు, "అమ్మా, చిన్నప్పుడు పోసిందన్నారే, అప్పుడు నీళ్ళ పొక్కులా, ఇలా ఎర్ర దద్దా?"

అమ్మ నా నుదుటి మీద గుంట మచ్చ చూపించింది. "నీళ్ళ బుడగలే సార్, గోకేసింది, ఇదిగో ఈ మచ్చ దానిదే."

అది ఆటలమ్మ, చికెన్‌పాక్స్. దానికీ దీనికీ సంబంధమే లేదు, రెండూ వేరే వైరస్‌లు, ఒకటి వస్తే రెండోది రాకుండా ఆగదు. మనం ఆటలమ్మనీ అమ్మవారే అంటాం, తట్టునీ అమ్మవారే అంటాం, పాతికేళ్ళు నేను ఆ ఒక్క మాట మీద నాకేం కాదని తిరిగా. టీకా సంగతి అడిగితే అమ్మకి గుర్తులేదు, కార్డు ఎప్పుడో ఎలకలు కొట్టేశాయి. మా చిన్నప్పుడు మీజిల్స్‌కి ఇచ్చేది కూడా ఒక్క డోసే, ప్రభుత్వం రెండో డోసు మొదలుపెట్టింది 2010లో, తర్వాత 2017లో మొదలైన ఎంఆర్ (మీజిల్స్-రూబెల్లా టీకా) క్యాంపెయినేమో 15 ఏళ్ళలోపు వాళ్ళకి. నేను ఎందులోనూ లేను.

ఇంక డాక్టరుగారు వేళ్ళ మీద లెక్క మొదలుపెట్టారు, నాకు ఇప్పటికీ ఆ వేళ్ళే గుర్తొస్తాయి. దద్దు వచ్చింది ఆదివారం. దద్దుకి నాలుగు రోజుల ముందు నుంచీ, వచ్చాక ఇంకో నాలుగు రోజులూ అంటుతుంది. అంటే బుధవారం నుంచే, నాకు జ్వరం కూడా రాకముందు నుంచే, పాపకి అంటిస్తున్నా. మామూలుగా తల్లి దగ్గర్నుంచి వచ్చే రక్షణ కొన్ని నెలలు ఉంటుంది, కానీ నాకే లేనిది దానికెలా ఇస్తా. తొమ్మిది నెలల టీకాకి ఇంకా రెండు నెలలుంది. అవసరమైతే ఆరు నెలలు నిండిన పిల్లలకి ముందే వేస్తారు కానీ 72 గంటలు శనివారంతోనే అయిపోయాయి. మిగిలింది ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే వేరేవాళ్ళ రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు నేరుగా ఎక్కించడం, అది ఆరు రోజుల్లోపు పడాలి. సోమవారం రాత్రి తొమ్మిదైంది. మంగళవారంతో గడువు అయిపోతుంది.

మావారూ వాళ్ళ ఫ్రెండూ రెండు బళ్ళ మీద కొత్తపేటలో మందుల షాపులన్నీ తిరిగారు. ఒకచోట లేదు, ఒకచోట వేరే రకం ఉంది, ఒకాయన అయితే ర్యాబిస్‌ది ఇవ్వబోయాడంట. మర్నాడు పదకొండింటికి దొరికింది, ఐసు డబ్బాలో పెట్టుకుని వచ్చారు. పాప ఏడు కిలోలు, కిలోకి అర ఎంఎల్ లెక్కన మూడున్నర, రెండు తొడలకీ వేశారు. నేను లోపలికి వెళ్ళలేదు, రోడ్డు మీద ఆటోలో కూర్చుని దాని ఏడుపు వింటున్నా, అత్తయ్య ఎత్తుకున్నారు.

తర్వాత నాలుగు రోజులూ నేను వెనక గదిలో. పాలు మాన్పించొద్దన్నారు, నా పాలు గిన్నెలోకి పిండి ఇస్తే అత్తయ్య ఉగ్గుగిన్నెతో పట్టేవారు. మా పెద్దాడికి నాలుగేళ్ళు, వాడికి 9 నెలలప్పుడూ ఏడాదిన్నరకీ రెండు డోసులూ పడ్డాయి, వాడు నా దుప్పట్లో దూరి, నేను తాగిన గ్లాసుతో తాగి తిరిగాడు, వాడికి చీమ కుట్టినట్టు కూడా లేదు. అమ్మ దీన్ని చాలాసేపు చూసింది, ఏమీ అనలేదు. మా తోటికోడలికి ఐదో నెల, తనని మాత్రం గుమ్మం దాకా కూడా రావద్దని చెప్పాం, కడుపుతో ఉన్నవాళ్ళకి తట్టు ప్రమాదం, ఆ టైములో ఈ టీకా కూడా వేయరు.

సచివాలయం ఏఎన్ఎం వచ్చి నా రక్తం తీసుకెళ్ళింది, ఆశా అమ్మాయి వీధిలో పిల్లల కార్డులన్నీ తిరగేసింది. రెండో డోసు ఎగ్గొట్టినవాళ్ళు బానే తేలారు, అప్పుడు జ్వరంగా ఉందనీ, ఊరెళ్ళామనీ, మొదటిది పడిందిగా చాల్లే అనీ. కింద వాటాలో ఏడున్నర నెలల బాబుకి డాక్టరుగారే ముందుగా ఒక డోసు వేశారు, అయితే అది లెక్కలోకి రాదంట, 9 నెలలకీ 16 నెలలు దాటాకా మామూలు డోసులు మళ్ళీ వేయించాల్సిందే. ఆ బాబు వాళ్ళమ్మ మాత్రం నాతో రెండు వారాలు మాట్లాడలేదు, నేనైనా అంతే చేసేదాన్ని.

నాకు దద్దు వారానికి నల్లబడి పొట్టు రాలిపోయింది, దగ్గు మాత్రం నెల పట్టింది, జుట్టు గుప్పిళ్ళుగా ఊడింది. సింగ్‌నగర్ బాబుకి న్యుమోనియా అయి ఐదు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు, అక్కడ వరసగా రెండు రోజులు విటమిన్ ఏ రెండేసి లక్షల యూనిట్లు పట్టించారంట, తట్టు వచ్చిన పిల్లలకి కళ్ళు దెబ్బతినకుండా అది తప్పకుండా ఇవ్వాలంట. ఇంటికొచ్చాక కూడా విరేచనాలనీ చెవిపోటనీ ఏదో ఒకటి. తట్టు పోతూ పోతూ ఒంట్లో పాత రోగనిరోధక శక్తిని కూడా తుడిచేస్తుందని డాక్టరుగారు చెప్పారు, అందుకే తగ్గాక కూడా కొన్ని నెలలు కాచుకోవాలి. వాడికి 9 నెలలది పడలేదు, 16 నెలలదీ పడలేదు. మరదల్ని ఎవరూ ఏమీ అనలేదు, తనే అనుకుంటోంది చాలు.

పాప సంగతి. ఆ ఇంజెక్షన్ పడితే జబ్బు ఆలస్యంగా కూడా బయటపడొచ్చు, 28 రోజులు చూడమన్నారు. రోజూ పొద్దున్నే ఫోను లైటు వేసి చెవుల వెనక చూడటం, కళ్ళు చూడటం, బుగ్గలు తెరిచి చూడటం, అది లైటు పట్టుకోబోతూ నవ్వేది. పదమూడో రోజు ఒళ్ళు వెచ్చబడితే మావారు ఆఫీసు నుంచి పరిగెత్తుకొచ్చారు, చూస్తే కింద పన్ను. 28 రోజులూ గడిచాయి, ఏమీ రాలేదు.

ఇమ్యునోగ్లోబ్యులిన్ ఒంట్లో ఉండగా టీకా సరిగా పట్టదంట, అందుకని ఆరు నెలలు ఆగాలి, తొమ్మిదో నెలలో పడాల్సింది పదమూడో నెలకి వెళ్ళింది. ఫ్రిజ్ మీద డేటు రాసి అంటించాం. అప్పటిదాకా పెళ్ళిళ్ళు లేవు, ఫంక్షన్లు లేవు, కోటప్పకొండ మొక్కు కూడా వాయిదా. ఎవరైనా దాన్ని ఎత్తుకుంటామని చేతులు చాస్తే అమ్మ అడ్డంగా నిలబడి, మీ ఇంట్లో ఎవరికైనా అమ్మవారా, అయితే పొక్కులా దద్దా అని అడుగుతోంది, సగం మందికి ఏం చెప్పాలో తెలీట్లేదు. వచ్చే నెల పదమూడు నిండుతుంది, ఆ వారంలో బుధవారమో శనివారమో టీకాకి వెళ్ళాలి.