బాబాయి రూపాయి వడ్డీ

ఈరోజు ఆదివారం. ఇంకా టిఫిన్ తినలేదు, పొదలకూరు నుంచి బాబాయి దిగాడు. ఒక చేతిలో నిమ్మకాయల సంచి, జేబులో నాలుగు మడతలు పెట్టిన కాగితం. తోటల నుంచి మార్కెట్టుకు నిమ్మ బస్తాలు తోలడానికి సెకండ్ హ్యాండ్ ట్రాలీ ఆటో చూసుకున్నాడంట. ఫైనాన్స్ వాళ్లు 2 లక్షలు ఇస్తామన్నారు. 24 నెలలు, నెలకు 10,333.

"నూటికి నెలకు రూపాయే అబ్బయా, ధర్మ వడ్డీ. బ్యాంకులో కూడా 12 శాతం అంటున్నారు. రెండూ ఒకటేగా? బ్యాంకు చుట్టూ తిరగడం ఎందుకని..."

ఒకటి కాదని నాకు తెలుసు. ఎంత తేడానో నోటితో చెప్పలేకపోయా. ల్యాప్‌టాప్ తెరిచి పైథాన్‌లో నాలుగు లైన్ల ప్రోగ్రామ్ రాశా. బాబాయి కూడా చదువుకుంటాడని పేర్లన్నీ తెలుగులోనే పెట్టా. పైథాన్ 3 అందుకు ఒప్పుకుంటుంది.

వడ్డీ = బాకీ * 12 / 100
బాకీ = బాకీ + వడ్డీ - వాయిదా

దీన్నే 24 సార్లు తిప్పాలి. బ్యాంకు వాయిదా లెక్క సూత్రం కూడా పైన రాసి రన్ కొట్టా. నెలకు 25,693 అని వచ్చింది. పిన్ని కాఫీ గ్లాసు పట్టుకుని అట్టనే నిలబడిపోయింది. బాబాయి మాత్రం కళ్లజోడు పైకి తోసి మొదటి వరస మీద వేలు పెట్టాడు. "మొదటి నెల వడ్డీ 24 వేలేంది? 2 లక్షలకి రూపాయి వడ్డీ అంటే నెలకు 2 వేలేగా."

నిజమే. ఏడాది వడ్డీని నెలకు వేసేశా. 100 తీసి 1200 పెట్టా, రెండు చోట్లా. వాయిదా 9,415కి దిగింది. బాబాయి ప్రామిసరీ నోట్లు రాసి, కట్టినదానికి వెనక చెల్లు వేసి, మూడేళ్లు నిండకముందే నోటు తిరగరాయించుకున్న మనిషి. ఆ నోటిలెక్క లేకపోతే నా తప్పు నాకు కనపడడానికి ఇంకెంతసేపు పట్టేదో.

ఇక బ్యాంకు పట్టీని పైనుంచి కిందికి చదివాం. మొదటి నెల వడ్డీ 2,000. బాకీ తగ్గే కొద్దీ వడ్డీ కూడా తగ్గుతూ వచ్చి, చివరి నెల 93 రూపాయలు. పక్కన ఫైనాన్స్ వాళ్ల లెక్క వేశా. అక్కడ అసలు నెలకు 8,333 తీరుతుంది, వడ్డీ మాత్రం ఎప్పుడూ మొదట తీసుకున్న 2 లక్షల మీదే, మొదటి నెలా 2,000, చివరి నెలా 2,000.

"అంటే ఆఖరి నెల 8 వేల బాకీకి 2 వేలు వడ్డీనా?" బాబాయి గొంతు మారిపోయింది.

మొత్తం మీద 22 వేలు ఎక్కువ. బాకీ మీద వడ్డీ లెక్కలో ఏ రేటు వేస్తే 10,333 వస్తుందో చూద్దామని రేటు కొంచెం కొంచెం పెంచుతూ పోయా. 21.6 దగ్గర సరిపోయింది. బాబాయి భాషలో చెప్పాలంటే నూటికి రూపాయి ఎనభై పైసలు. "రూపాయి అని చెప్పి రూపాయి ఎనభైయా!" అన్నాడు, కాగితం మళ్లీ మడతపెడుతూ. నాకూ ఒళ్లు మండింది. ఆ కాగితంలో అబద్ధం ఒక్కటీ లేదు, అయినా పెద్దచదువు లేని మనిషికి అసలు సంగతి తెలిసే దారీ లేదు.

అన్నాలు తిన్నాక మళ్లీ ల్యాప్‌టాప్ దగ్గరకొచ్చి కూర్చున్నాడు. "సెప్టెంబర్ నుంచి కడితే ఎనిమిదో వాయిదా ఏప్రిల్లో పడుద్ది. ఎండాకాలం కాయకి రేటు బాగుంటే అప్పుడొక 50 వేలు పడేస్తా. ఎట్టా ఉంటదో చూడు."

'ఇఫ్' పెట్టి ఒక షరతు చేర్చా. ఎనిమిదో నెల తర్వాత బాకీ 1,38,564. అందులో 50 వేలు పోయి, వాయిదా మారకుండా నడిస్తే అప్పు 18వ నెలకే తీరిపోయింది. ముందే కడితే చార్జీ ఏమన్నా వేస్తారేమో బ్యాంకులో అడగమని చెప్పా.

18 అన్న అంకె చుట్టూ పెన్నుతో సున్న చుట్టి, సోమవారం పొద్దున బ్యాంకు తెరిచేసరికి అక్కడుంటానని చివరి బస్సుకు పోయాడు.