పక్క మ్యాట్ ఆవిడ

పదకొండున్నర దాటింది, పొద్దున్నే పెద్దదానికి క్యారేజీ కట్టాలి, అయినా ఇది రాయకుండా పడుకుంటే నిద్ర పట్టేలా లేదు.

సాయంత్రం హాట్ యోగాలో, అంటే వేడి పెట్టిన గదిలో చేసే యోగాలో, ఉష్ట్రాసనం నుంచి లేచాక నా పక్క మ్యాట్ ఆవిడ తలుపు వైపు నడవబోయింది. మోకాళ్ల మీద నిలబడి వెనక్కి వంగి మడమలు పట్టుకునే ఆసనం కదా, మామూలు గదిలోనే ఒక్కోసారి కళ్లు తిరుగుతాయి, అక్కడేమో 40 డిగ్రీలు. ట్రైనర్ మైకులోనే, "మేడమ్, గది దాటొద్దు, పడుకోండి, బయటికెళ్తే మనసు ఓడిపోయినట్టే" అన్నాడు. అందరి ముందూ అనేసరికి ఆవిడ మొహమాటపడి వెనక్కొచ్చి పడుకుంది. పెదాలు తెల్లగా పాలిపోయాయి. బాటిల్ అందుకోబోతే, నీళ్లు ఇంకో రెండు ఆసనాలయ్యాక అన్నాడు. నేను నా బాటిల్ మూత తీసి ఆవిడ చేతిలో పెట్టాను. పైగా క్లాసంతా ఒకటే మాట, చెమటతో ఒంట్లో విషాలన్నీ పోతాయట. చెమటంటే దాదాపు అంతా నీళ్లు, కాస్త ఉప్పు. ఒంట్లో చెత్త సంగతి చూసుకోవడానికి కాలేయం, కిడ్నీలు లేవూ?

ఉప్పు అంటే నాన్న చొక్కాలు గుర్తొచ్చాయి. నాన్న వైజాగ్ స్టీల్ ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర, అంటే ఇనుము కరిగించే పెద్ద కొలిమి దగ్గర, చేసేవారు. ఫర్నేసులకి గోదావరి, కృష్ణ అని పేర్లు, అందుకే మా ఇంట్లో "నాన్న గోదావరి మీద ఉన్నారు" అంటే డ్యూటీలో ఉన్నారని. షిఫ్టు నుంచొచ్చి చొక్కా విప్పితే వీపు మీద తెల్లటి చారలు, ఒకదాని పక్కన ఒకటి, బట్ట అట్టలా బిగుసుకుపోయి ఉండేది. అమ్మ దాన్ని బకెట్లో విడిగా నానబెట్టేది. కరిగిన ఇనుము 1400 డిగ్రీల పైన ఉంటుంది, అది కాలవలోకి దిగేటప్పుడు ఎవరూ ఎక్కువసేపు నిలబడరట, వంతులు మారతారట. మజ్జిగ, ఉప్పు నీళ్లు దాహం వేయకముందే తాగుతుండాలట. ఒకసారి అన్నం తింటూ చెప్పారు, "వడదెబ్బ కొట్టినోడికి కొట్టిందని తెలీదు తల్లీ. మాట తడబడుతుంది, అయినా బానే ఉన్నానంటాడు. పక్కోడే వాడి మొహం చూసి బయటికి లాక్కురావాలి." అంత వేడి చూసిన మనిషి నోట ఓడిపోవడం, గెలవడం అన్న మాట నేనెప్పుడూ వినలేదు.

ఆటోలో వస్తూ ఇక మానేద్దామనే అనుకున్నాను. మా ఆయనది ఎప్పుడూ ఉండే పాటే, వైజాగులో చెమట పట్టడానికి డబ్బులు కట్టడమేంటని. 2025 జూన్ 21న, యోగా దినోత్సవం నాడు, ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా మూడు లక్షల మంది సముద్రపు గాలిలో యోగా చేశారు, నీకది చాలదా అంటారు. అందులో న్యాయం ఉంది. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడేది, మన ఊరి ఉక్కలో అది ఆరదు, ఇక తలుపులు మూసి వేడి పెడితే ఎలా ఆరుతుంది?

కానీ ఇంతదూరం రాశాక ఇంకోలా అనిపిస్తోంది. పడుకోమనడం వరకూ తప్పు కాదు. కళ్లు తిరుగుతుండగా ఆవిడ ఒక్కతే మెట్లు దిగితే పడిపోయేదే, పడుకుంటే తలకి రక్తం అందుతుంది. నాకు కోపం గది దాటొద్దన్నందుకు కాదు, ఆవిడ మొహం చూడకుండా అన్నందుకు. అడిగితే ట్రైనర్, ఈ హాట్ యోగాని ప్రచారంలోకి తెచ్చిన బిక్రమ్ చౌదరి పద్ధతి అంటాడు, 26 ఆసనాలు, 90 నిమిషాలు, ఏదీ మార్చకూడదని. ఆ వరసకి కాపీరైట్ వర్తించదని 2015లోనే అమెరికా అప్పీలు కోర్టు చెప్పింది, ఎవరి సొత్తూ కానిదాన్ని మన ఊరి వేడికి తగ్గట్టు కాస్త మార్చుకుంటే ఏం పోతుంది?

భుజం సంగతి కూడా చెప్పాలి. దండెం మీద దుప్పటి వేయడానికి లేవని కుడి చెయ్యి ఇవాళ గరుడాసనంలో ఎడమ చేతి కిందనుంచి పూర్తిగా మెలిపడింది. చాలా సంతోషమేసింది.

అందుకే మానను. రేపు క్లాసుకి ముందే వెళ్లి ట్రైనర్‌తో మాట్లాడతాను, నీళ్లు ఎవరికి ఎప్పుడు కావాలంటే అప్పుడు, కళ్లు తిరిగినవాళ్ల పక్కన ఒకరు కూర్చోవాలి, తూలకుండా నడవగలిగితే తోడిచ్చి బయటికి పంపాలి. పక్క మ్యాట్ ఆవిడ నంబరు తీసుకున్నాను, ఆవిణ్ణీ రమ్మంటాను. ఒప్పుకోకపోతే ఈ నెల ఫీజుతో సరి.