కవరేజీ కోసం టెస్టులు రాయకండి

టెస్టులు నడిచినప్పుడు కోడ్‌లో ఎంత భాగం పరీక్షకు వచ్చిందో చెప్పే కొలతే కవరేజీ. విమాన సాఫ్ట్‌వేర్ ప్రమాణమైన డీఓ-178సిలో లోపం ఎంత ప్రమాదకరమో దాన్నిబట్టి లెవెల్ ఉంటుంది, ఎ అన్నిటికన్నా కఠినం. లెవెల్ సి అయితే స్టేట్‌మెంట్ కవరేజీ (ప్రతి వాక్యమూ నడవడం), బి అయితే దాంతోపాటు డెసిషన్ కవరేజీ (ప్రతి నిర్ణయమూ నిజం, అబద్ధం రెండూ కావడం) చాలు. లెవెల్ ఎలో ఎంసీడీసీ (మాడిఫైడ్ కండిషన్/డెసిషన్ కవరేజీ) కూడా చూపాలి. అంటే నిర్ణయంలోని ప్రతి షరతూ ఒంటరిగా ఫలితాన్ని మార్చగలదని నిరూపించాలి.

ఉదాహరణకు రెక్కల మీది స్పాయిలర్లు (విమానం దిగాక పైకి లేచే పలకలు) తెరిచే షరతు: చక్రాలపై బరువు పడి (ఎ), చక్రాలు తిరుగుతూ ఉండాలి (బి), లేదా రేడియో ఎత్తు (రేడియో తరంగాలతో కొలిచే నేల నుంచి ఎత్తు) సున్నాకు చేరాలి (సి). మొత్తం కలయికలు 8. ఎంసీడీసీకి వాటిలో నాలుగు చాలు. ఎ, బి నిజం, సి అబద్ధం అయితే తెరుచుకోవాలి. అందులో ఎ ఒక్కటే మార్చినా, బి ఒక్కటే మార్చినా తెరుచుకోకూడదు. ఎ నిజం, బి అబద్ధంగా ఉంచి సిని నిజం చేస్తే మళ్లీ తెరుచుకోవాలి.

తప్పు ఎక్కువగా జరిగేది ఇక్కడే: కోడ్ చూసి టెస్టు రాయడం. అలా రాస్తే కోడ్‌లోని పొరపాటే ఆశించిన ఫలితంగా టెస్టులోకి వచ్చేస్తుంది, కవరేజీ మాత్రం నూరు శాతం చూపిస్తుంది. టెస్టు రిక్వైర్‌మెంట్ నుంచే, అంటే సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో రాసుకున్న దాని నుంచే పుట్టాలి. కవరేజీ కొలిచేది ఆ టెస్టులు ఎంత సరిపోయాయో తెలుసుకోవడానికే.

ఏదైనా లైను ఏ టెస్టులోనూ నడవకుండా మిగిలిపోతే ముందు కారణం వెతకండి. టెస్టు తక్కువైందా, రిక్వైర్‌మెంటే రాయలేదా, అక్కర్లేని కోడా, లేక ఈ కాన్ఫిగరేషన్‌లో కావాలనే ఆపి ఉంచిన కోడా? అక్కర్లేనిదైతే తీసేయాలి, దాని ప్రభావం విశ్లేషించాలి. ఆపి ఉంచినదైతే పొరపాటున నడవదని ఆధారం చూపాలి.

కవరేజీ కొలత కోసం ప్రోబ్‌లు (ఏ లైను నడిచిందో నమోదు చేసే అదనపు కోడ్) చేర్చిన బిల్డ్ వేరు, ఎగిరే బిల్డ్ వేరు. అవే టెస్టులు ప్రోబ్‌లు లేకుండా అసలు హార్డ్‌వేర్‌పై మళ్లీ నడిపి ఫలితాలు పోల్చండి. ప్రోబ్‌లు టైమింగ్‌ను మార్చేస్తాయి.