కవలలు కడుపులో ఉన్నారు, నా ఎత్తేమో 145 సెంటీమీటర్లు

స్కాన్‌లో ఇద్దరని తేలినప్పటి నుంచి మా వీధిలో అందరి కళ్లూ నా ఎత్తు మీదే. కడుపుతో లేనప్పుడు నా బరువు 41 కిలోలు. "ఇంతున్న గుంట ఇద్దర్ని ఎలాగ మోస్తాదో" అని ఒకరు, "పొట్టోళ్లకి నెలలు నిండవు" అని ఇంకొకరు.

శ్రీకాకుళంలో నేను చూపించుకున్న డాక్టరమ్మ మాత్రం ముందు రిపోర్టులో మాయ (కడుపులో బిడ్డకు తిండి అందించేది) సంగతి చూశారు. ఇద్దరికీ వేరువేరు మాయలు. ఒకటే అయితే 16వ వారం నుంచి రెండు వారాలకోసారి స్కాన్ చేయించాలట, నాకు నాలుగు వారాలకోసారి చాలన్నారు. ఆ తర్వాతే చెప్పులు విప్పించి, గోడకు ఆనించి ఎత్తు కొలిచారు. వీధివాళ్ల మాటలో కొంత నిజం ఉందట. ఎత్తు తక్కువ తల్లులకు కవలలు ముందే పుట్టే అవకాశం కాస్త ఎక్కువ. అసలు కవలల్లో సగానికి పైగా 37 వారాల లోపే పుడతారు. "ఎత్తుకి మనమేం చెయ్యలేం గానీ, బరువు సంగతి చూద్దాం" అన్నారు.

ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే లెక్క బీఎంఐ, నాకది 19.5, నార్మలే. అలాంటివాళ్లు కవలలకైతే 17 నుంచి 25 కిలోలు పెరగాలని అమెరికాలో 2009లో వేసిన లెక్క. నాకు నవ్వొచ్చింది, అది నా ఒంట్లో సగం! డాక్టరమ్మ కూడా ఆ అంకె పట్టుకు కూర్చోలేదు. మొదటి ఐదు నెలల్లో పెరిగే బరువు పిల్లలకు బాగా అందుతుంది, అప్పుడు అశ్రద్ధ చెయ్యొద్దన్నారు.

చిక్కంతా ఇంట్లోనే. ఎక్కువ తింటే పిల్లలు పెరిగిపోయి కాన్పు కష్టమవుతుందని మా అత్త నమ్మకం. నాకు వడ్డించేటప్పుడు గరిటె రెండోసారి గిన్నెలోకి వెళ్లేది కాదు. గొడవెందుకని తర్వాతి చెకప్‌కి ఆవిడనే వెంటబెట్టుకెళ్లాను. "అమ్మా, కవలలు పెద్దగా పుడతారని కాదు, చిన్నగా పుడతారనే మా భయం" అన్నారు డాక్టరమ్మ. తిరుగు బస్సులో అత్త నోరు విప్పలేదు. మర్నాడు పొద్దున్నే చోడి (రాగి) అంబలి గ్లాసు నా ముందుంది. ఆపైన గుడ్డు, అంగన్‌వాడీ పాలు, పడుకునే ముందు వేరుశెనగ ఉండ.

ఏడో నెలకి పొట్ట పైకి తన్నుకొచ్చి నాలుగు ముద్దలకే ఆయాసం. పొట్టిగా ఉన్నందుకు నిజంగా బాధపడింది అప్పుడే. కొంచెం కొంచెంగా రోజంతా తినేదాన్ని. హిమోగ్లోబిన్ తగ్గితే సెలైన్‌లో ఐరన్ ఎక్కించారు.

33వ వారంలో నొప్పులొచ్చాయి. పిల్లల ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజక్షన్లు ఇచ్చారు, అదృష్టం కొద్దీ నొప్పులు ఆగాయి. 36 వారాలకు సిజేరియన్. మొదటి బిడ్డ అడ్డం తిరిగి ఉండటం వల్ల గానీ నా ఎత్తు వల్ల కాదు. ఒకరు 2.2 కిలోలు, ఇంకొకరు 1.9. చిన్నదాన్ని కొన్నాళ్లు నవజాత శిశువుల వార్డులో ఉంచి, రోజూ నా గుండెల మీద పడుకోబెట్టించేవారు.

మొత్తం మీద నేను పెరిగింది 13 కిలోలు. ఇంకో రెండు కిలోలు పెరిగుంటే చిన్నది కూడా అక్కతోపాటే ఇంటికొచ్చేదని మా అత్త ఇప్పటికీ నన్ను సాధిస్తూనే ఉంటుంది.